మెరుపు కోసం ఎంత పొర వదులుకోవాలి?

స్పోర్ట్స్ కార్ల డీటెయిలింగ్ (లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టడం), పాలిష్‌తో గీతలు తీసే పెయింట్ కరెక్షన్‌లపై పాఠకులు పంపిన ప్రశ్నలలో ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట, వివరాలు ఎక్కువగా ఉన్న ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ప్రశ్న: ఇటీవల నల్ల రంగు పోర్షే 911ను, 992 తరానికి చెందినదాన్ని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సెల్లార్‌లో ఉన్నంతసేపు కొత్త కారులాగే కనిపిస్తుంది గాని, ఎండలోకి తీస్తే బానెట్ నిండా గుండ్రని సన్నని గీతలు బయటపడుతున్నాయి. డీటెయిలింగ్ స్టూడియోవారు మూడు దశల కరెక్షన్ చేస్తే ఒక్క గీత కూడా మిగలదని చెబుతున్నారు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, జూబ్లీహిల్స్, హైదరాబాద్

సమాధానం: మూడు దశల పనికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. ముందు ఆ కారుపై ఎంత పెయింట్ మిగిలి ఉందో కొలిపించండి. స్టూడియోవారు కొలవకుండానే దశల సంఖ్య చెప్పి ఉంటే, వేరే చోటు చూసుకోవడం మేలు.

కారణం వివరిస్తాను. ఫ్యాక్టరీ పెయింట్‌లో పొరలు ఉంటాయి: లోహానికి విద్యుత్తు సాయంతో పట్టించే ఈ-కోట్, దానిపై ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికంటె పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిసినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే ఒక తల వెంట్రుక మందం కంటె తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుని రంగును కాపాడేది ఈ పొరే. పాలిషింగ్‌లో మనం గీతను పూడ్చడం లేదు. గీత అడుగు మట్టానికి వచ్చేవరకు దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తున్నాం. అలా పోయిన పొర మళ్లీ రాదు. తిరిగి కావాలంటే ఆ పలకకు (బానెట్, తలుపు వంటి భాగానికి) కొత్తగా పెయింట్ వేయించాల్సిందే, అప్పుడు ఇటువంటి కార్లకు విలువనిచ్చే ‘ఫ్యాక్టరీ పెయింట్’ అన్న మాట ఆ పలకకు వర్తించదు.

ఇక గీతలు గుండ్రంగా ఎందుకు కనిపిస్తాయో చాలామందికి తెలియదు. బానెట్‌పై ఉన్న గీతలు నిజానికి అన్ని దిక్కులకూ సాగి ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వెలుగుకు అడ్డంగా పడినవి మాత్రమే ఆ కాంతిని మన కంటికి తిప్పి పంపుతాయి గనుక, అవన్నీ కలిసి వలయాల్లా అగుపిస్తాయి. సెల్లార్‌లోని ట్యూబ్‌లైట్ల వెలుగు పరచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ అవి దాగిపోతాయి. కారు కొనేముందు ఎండలోనో, ఒకే బిందువు నుంచి వెలువడే గట్టి ఎల్ఈడీ వెలుగులోనో చూడాలని అందుకే చెబుతారు.

మందం కొలిచే గేజ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 992 తరం 911 బయటి పలకలు ముందు, వెనుక బంపర్ భాగాలు తప్ప దాదాపు అన్నీ అల్యూమినియంవి. ఇనుముపై మాత్రమే పనిచేసే చవక గేజ్ దీనికి పనికిరాదు. అల్యూమినియంపైనా కొలవగలిగినది ఉండాలి. పైగా ఈ గేజ్ చూపేది అన్ని పొరల మొత్తాన్నే. క్లియర్ కోట్ ఎంత మిగిలిందో అది విడిగా చెప్పదు. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. ప్రతి పలకపై అనేక చోట్ల కొలిచి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చాలి. మిగతావన్నీ 120 దగ్గర ఉండగా ఒక తలుపు 280 చూపితే అది తిరిగి పెయింట్ వేసిన తలుపని అనుమానించాలి. బానెట్ ఒక్కటే 90కి పడిపోయి ఉంటే పాత యజమాని అక్కడ ఇప్పటికే గట్టిగా బఫింగ్ చేయించి ఉండవచ్చు.

ఆ తర్వాత టెస్ట్ స్పాట్. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న చోటును టేపుతో వేరుచేసి, అన్నిటికంటె మృదువైన ఫోమ్ ప్యాడ్, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి. ఫలితం చాలకపోతేనే ఒక మెట్టు గట్టి ప్యాడ్‌కో, పాలిష్ కంటె ముతకైన కాంపౌండ్‌కో వెళ్లాలి. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిపించి చూడండి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతలను తాత్కాలికంగా నింపి దాచేస్తాయి. అలా తుడిచాక కూడా నిలిచిన మెరుపే అసలైనది.

రోజువారీ తుడవడం వల్ల పడే సన్నని గీతలు చాలావరకు ఒకటి, రెండు దశల పనితోనే పోతాయి. గోరు ఆడిస్తే గోరుకు తగిలే లోతైన గీతను మాత్రం వదిలేయండి. దాన్ని పూర్తిగా చెరిపివేయాలంటే చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన పొరను బలిపెట్టాలి, దాని అంచులను కాస్త మెత్తబరిస్తే చాలు. నా అభిప్రాయంలో నూటికి ఎనభై గీతలు పోయి, క్లియర్ కోట్ దాదాపు చెక్కుచెదరని కారు, గీత ఒక్కటీ లేకుండా పొర పలచబడిన కారు కంటె ఎంతో మంచి స్థితిలో ఉన్నట్టు. ‘ఒక్కటి కూడా మిగలదు’ అన్న హామీ వినడానికి బాగుంటుంది గాని, దాని ఖరీదు మీ కారు చెల్లిస్తుంది. పలకపై నారింజ తొక్కను తలపించే సన్నని ఎగుడుదిగుడు కనిపిస్తే దాన్ని సాండింగ్‌తో చదును చేస్తామన్నా ఒప్పుకోవద్దు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే, దాన్ని తీయడానికి పాలిషింగ్ కంటె చాలా ఎక్కువ పొర పోతుంది.

ప్రశ్న: మా ఎరుపు ఫెరారీకి ఏడాది క్రితమే కరెక్షన్ చేయించాం. అప్పుడే మళ్లీ గీతలు వచ్చాయి, అద్దాలపైనా తలుపులపైనా తెల్లటి చుక్కలు కూడా పడ్డాయి. కారును వారానికి ఒకసారే తీస్తాం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ ఉదయం శుభ్రంగా తుడుస్తారు, ఆదివారం బోరు నీళ్లతో కడుగుతారు. ఇంత శ్రద్ధ తీసుకున్నా ఎందుకిలా జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, కోకాపేట, హైదరాబాద్

సమాధానం: మీరు శ్రద్ధ అనుకుంటున్న ఆ రోజువారీ తుడుపే గీతలకు కారణం. ఇందులో వాచ్‌మన్‌ను తప్పుపట్టవద్దని మనవి. మన ఊళ్లలో కారు సంరక్షణ అంటే బకెట్టు, పాతగుడ్డ అనే అందరికీ తెలుసు, వేరే విధంగా చేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మీ ప్రాంతంలో ఏళ్ల తరబడి నిర్మాణాలు సాగుతున్నాయి. గ్రానైట్‌ను తొలచగా లేచిన ధూళి, ఇసుక, సిమెంటు పొడి సెల్లార్‌లోకి కూడా చేరతాయి. గ్రానైట్‌లోనూ ఇసుకలోనూ ఉండే క్వార్ట్‌జ్ రేణువులు క్లియర్ కోట్ కంటె ఎంతో కఠినమైనవి. ఆ ధూళి కారుపై ఊరకే కూర్చుని ఉంటే ఏ హానీ చేయదు. దానిపై పొడి గుడ్డతో గాని, ఒక్కసారి పిండిన తడిగుడ్డతో గాని రుద్దినప్పుడు ప్రతి రేణువూ తన దారి పొడవునా ఒక గీత గీసుకుంటూ పోతుంది. ఏడాది పాటు రోజూ అలా తుడిస్తే ఎంత గొప్ప కరెక్షన్ అయినా నిలవదు. అందుచేత మొదటి మార్పు ఖర్చులేనిది: ధూళి పట్టిన కారును కడిగేవరకు ఎవరూ ముట్టుకోకూడదు. ధూళి ఉండగానే కవరు కప్పడం కూడా ముట్టుకోవడమే అవుతుంది.

కడిగే పద్ధతి ఇలా ఉండాలి. కారు నీడలో చల్లబడి ఉండగా, ముందు ప్రెషర్ వాషర్‌తో పైనుంచి కిందికి నీళ్లు కొట్టి, తర్వాత ఫోమ్ పట్టించి కొన్ని నిమిషాలు వదిలి, అది ఆరిపోకముందే మళ్లీ నీళ్లతో కడిగేయాలి. చేయి తగలకుండానే సగానికి పైగా మురికి ఇక్కడే పోతుంది. అప్పుడు రెండు బకెట్లు తీసుకోవాలి. ఒకదానిలో పీహెచ్ తటస్థంగా ఉండే షాంపూ నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు, రెండింటి అడుగునా ఇసుక తిరిగి పైకి లేవకుండా ఆపే జాలీ ఉండాలి. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను ఒక పలకపై నొక్కకుండా నడిపి, మంచినీళ్ల బకెట్టులో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. చక్రాలకూ తలుపుల కింది భాగాలకూ వేరే మిట్ కేటాయించాలి. ఆరబెట్టడానికి బ్లోయర్ ఉంటే మంచిది; లేనప్పుడు మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలును పలకపై పరచి మెల్లగా లాగాలి, రుద్దకూడదు.

తెల్లటి చుక్కలు బోరు నీటివి. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆవిరయ్యాక పెయింట్‌పై మిగిలిపోతాయి. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్ ఒకటి కొని మీ బోరు నీటిలో ముంచి చూడండి, అంకె చూస్తేనే విషయం అర్థమవుతుంది. ఇంటికి సాఫ్ట్‌నర్ ఉందని తృప్తిపడవద్దు. అది కాల్షియం స్థానంలో సోడియంను పెడుతుందే గాని లవణాలను పూర్తిగా తొలగించదు, కాకపోతే దాని మరకలు సులువుగా తుడుచుకుపోతాయి. చివరిసారి పోసే నీళ్ల కోసమైనా అయాన్లన్నిటినీ పట్టేసే రెజిన్ ఫిల్టరు గుండా వచ్చిన నీరు వాడగలిగితే మరకలే పడవు. ఇప్పుడున్న చుక్కలకు ముందుగా ఆమ్ల గుణం గల వాటర్ స్పాట్ రిమూవర్‌ను నీడలో, చిన్న చోటులో ప్రయత్నించండి. పైన పేరుకున్న లవణమైతే కరిగిపోతుంది. కరిగాక కూడా అక్కడ గుంట కనిపిస్తే అది క్లియర్ కోట్‌లోకి దిగినట్టు, దానికి పాలిషింగ్ ఒక్కటే మార్గం.

పక్షుల రెట్టల గురించి కూడా ఒక మాట చెప్పాలి, వేసవిలో అవి బోరు నీటి కంటె వేగంగా పెయింట్‌ను తింటాయి. కనిపించిన వెంటనే తడిపిన టిష్యూనో మెత్తటి గుడ్డనో దానిపై వేసి, నానాక ఎత్తి తీసేయండి. గోకవద్దు.

ప్రశ్న: నాకు సీ8, అంటే ఎనిమిదో తరం, షెవ్రోలే కార్వెట్ ఉంది. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్న పెయింట్ గేజ్ కారుపై ఎక్కడ పెట్టినా ఏ అంకే చూపడం లేదు. గేజ్ పాడైందా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: గేజ్ బాగానే ఉండి ఉంటుంది. 1953లో వచ్చిన మొదటి కార్వెట్ శరీరమే ఫైబర్‌గ్లాస్‌తో తయారైంది. మీ సీ8 బయటి పలకలు కూడా లోహంవి కావు, నారలూ రెజిన్ కలిపి చేసే కాంపోజిట్‌వే. అయస్కాంత ప్రేరణతోనో ఎడ్డీ కరెంట్‌తోనో పనిచేసే గేజ్‌కు అడుగున లోహం ఉండాలి. కాంపోజిట్, కార్బన్ ఫైబర్, ప్లాస్టిక్ పలకలపై కొలవాలంటే, జెల్ రాసి శబ్ద తరంగాలను పంపే అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి. దాని ధర చాలా ఎక్కువ కాబట్టి సొంతంగా కొనడం కంటె, అది ఉన్న డీటెయిలర్ వద్దకు వెళ్లడమే తెలివైన పని.

మీరే పాలిష్ చేసుకోదలిస్తే వేడి విషయంలో జాగ్రత్త. అల్యూమినియం పలక ప్యాడ్ రాపిడి వల్ల పుట్టిన వేడిని త్వరగా చుట్టుపక్కలకు పంచేస్తుంది. కాంపోజిట్ ఆ పని చేయలేదు, వేడి అక్కడే నిలిచి క్లియర్ కోట్ మెత్తబడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దగ్గర పెట్టుకుని, ఒకే చోట మెషిన్‌ను నిలపకుండా, మధ్యమధ్య ఆపుతూ పని చేయండి.

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డు పక్కనే మా ఇల్లు. కొత్త స్పోర్ట్స్ కారుకు సెరామిక్ కోటింగ్ వేయిస్తే 9హెచ్ గట్టిదనం వస్తుందని, గీతలు పడవని, రాళ్లు తగిలినా ఏమీ కాదని చెబుతున్నారు. పెయింట్‌పై అంటించే రక్షణ ఫిల్మ్, అదే పీపీఎఫ్, అనవసరమంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: కాదు. 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనపు పరీక్షకు చెందిన కొలత. రకరకాల గట్టిదనం గల పెన్సిళ్లతో పూతపై గీసి చూసే పరీక్ష అది. వజ్రానికి 10 ఇచ్చే ఖనిజాల కొలమానంతో దానికి సంబంధం లేదు. సెరామిక్ కోటింగ్‌ల మందం చాలావరకు ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. అంత పలచని పొర జాతీయ రహదారిపై ఎగిరివచ్చే కంకర రాయిని ఆపలేదు. ఇసుక అంటిన గుడ్డతో రుద్దితే దానిపైనా గీతలు పడతాయి.

అయినా దాన్ని తీసిపారేయాల్సిన పనిలేదు. నీరు నిలవకుండా జారిపోతుంది, మురికి గట్టిగా పట్టుకోదు, కడగడం తేలికవుతుంది, కడిగేటప్పుడు రాపిడి తగ్గుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు రోజూ పేరుకునే మీ ఇంటికి ఈ గుణాలు బాగా ఉపయోగం. ఉప్పును తరచూ నీళ్లతో కడగడం మాత్రం తప్పదు, కోటింగ్ ఉన్నా సరే.

రాళ్ల దెబ్బకు నిజమైన రక్షణ పీపీఎఫ్. ఇది పాలీయురేథేన్ ఫిల్మ్, మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే మొత్తం ఫ్యాక్టరీ పెయింట్ కంటె ఎక్కువ. మంచి ఫిల్ములపై పడ్డ సన్నని గీతలు ఎండ వేడికి తామే మాసిపోతాయి. మీ కారుకు కనీసం ముందు బంపర్, బానెట్, ఫెండర్లు, పక్క అద్దాల (సైడ్ మిర్రర్ల) వెనుక భాగాలు, వెనుక చక్రాల ముందుండే వెడల్పాటి భాగాలకు ఫిల్మ్ వేయించి, ఆపైన మొత్తానికి కోటింగ్ వేయించమని నా సలహా. పెయింట్‌లో లోపాలుంటే ఫిల్మ్‌కు ముందే సరిచేయాలి. ఏ పలకకైనా కొత్తగా పెయింట్ వేసి ఉంటే అందులోని ద్రావకాలు బయటికి పోవడానికి కొన్ని వారాలు ఆగాలి. ఇంకొక్క షరతు: ఫిల్మ్‌ను కారుపైనే బ్లేడుతో కత్తిరించేవారికి పని ఇవ్వవద్దు. కంప్యూటర్ కొలతలతో ముందే కత్తిరించిన ముక్కలు వాడేవారిని వెతకండి. బ్లేడు గీసిన గాటు ఫిల్మ్ తీసిన రోజున గాని కనిపించదు.

ప్రశ్న: మ్యాట్ రంగు లంబోర్గినీపై చిన్న మచ్చ పడింది. పాలిష్ చేయవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: చేయకూడదు. మ్యాట్ క్లియర్ కోట్ ఉపరితలం కంటికి కనిపించని ఎగుడుదిగుడులతో కాంతిని చెదరగొడుతుంది. పాలిష్ వాటిని చదును చేస్తుంది, అక్కడ ఒక మెరిసే మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. మ్యాట్ కోసమే తయారైన షాంపూ, క్లీనర్ తప్ప మైనం గాని గ్లేజ్ గాని తాకించవద్దు. వాటితో పోకపోతే ఆ పలకకు తిరిగి పెయింట్ వేయించడం తప్ప దారి లేదు. అందుకే మ్యాట్ కారు కొన్న వారానికే మ్యాట్ పీపీఎఫ్ వేయించడం మంచిది.

ప్రశ్న: ఆటోనగర్‌లో పదిహేనేళ్లుగా పెయింటర్‌గా పనిచేస్తున్నాను. పుట్టీ, రబ్బింగ్, బఫింగ్ అన్నీ వచ్చు. పెద్ద కార్ల డీటెయిలింగ్‌లోకి మారాలని ఉంది. కుర్రవాళ్లు సర్టిఫికెట్ కోర్సులు చేసి వస్తున్నారు. నాకు అవకాశం ఉంటుందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీదే. పెయింట్ ఎలా పరచుకుంటుందో, అంచుల దగ్గర ఎందుకు పలచబడుతుందో, పెయింట్ కారి రన్ ఎక్కడ వస్తుందో మీ చేతికి తెలుసు. కొద్ది రోజుల కోర్సుతో ఆ జ్ఞానం రాదు. తిరిగి పెయింట్ వేసిన పలకను మీరు చూపుతోనే పట్టుకోగలరు. అది ఈ వృత్తిలో పెద్ద ఆస్తి.

అయితే మానుకోవలసిన అలవాటు ఒకటుంది. మన వర్క్‌షాపుల్లో బఫింగ్ అంటే రోటరీ మెషిన్, ఉన్ని ప్యాడ్, ముతక కాంపౌండ్. తాజాగా వేసిన మందపాటి పెయింట్‌పై అది చెల్లుతుంది. ఫ్యాక్టరీ క్లియర్ కోట్‌పై అదే చేతివాటం చూపితే ఒక్క నిమిషంలో అంచు కాలిపోయి ప్రైమర్ కనిపిస్తుంది, లేదా ఎండలో మెషిన్ తిరిగిన జాడలు, హోలోగ్రామ్ చారలు, తేలుతాయి. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ నేర్చుకోండి. 1947 నుంచి ఉన్న ఇటలీ సంస్థ రూపెస్ తయారుచేసే 15, 21 మిల్లీమీటర్ల ఊగుడు గల మెషిన్లు స్టూడియోలలో విరివిగా కనిపిస్తాయి. వెడల్పాటి పలకలకు పెద్దది, వంపులు ఎక్కువగా ఉన్నచోట చిన్నది సులువు. ఈ మెషిన్‌కు బలం కంటె ఓపిక ముఖ్యం: ప్యాడ్ పలకకు సమంగా ఆని ఉండాలి, చేయి నిదానంగా కదలాలి, ఒక్కో వరుస ముందటి వరుసపై సగం ఎక్కాలి, ప్రతి చోటు అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తోనో గాలితోనో శుభ్రం చేయాలి. రోటరీని పారేయనక్కరలేదు, దాని వంతు వచ్చే సందర్భాలు ఉంటాయి, కాని అవి అరుదు.

పాత కార్లలో కొన్నింటికి క్లియర్ కోట్ లేకుండా రంగే పైపొరగా ఉంటుంది. అక్కడ ప్యాడ్‌కు కారు రంగు అంటుతుంది, చూసి భయపడనక్కరలేదు. ఆధునిక కారుపై ప్యాడ్‌కు రంగు అంటితే మాత్రం వెంటనే ఆపేయండి, క్లియర్ కోట్ తెగిపోయినట్టే.

ఈ కార్ల దగ్గర పాలిషింగ్ కంటె ముందు రావలసినవి మరికొన్ని ఉన్నాయి. ఉంగరం, వాచీ, బెల్టు తీసేసి పనిలోకి దిగాలి. కారు అందుకున్నప్పుడే యజమాని ఎదుట ప్రతి పలకనూ ఫోటో తీసి, మందం రాసి, ఆయన సంతకం తీసుకోవాలి. ముందు భాగం నేలకు అతి దగ్గరగా ఉంటుంది కాబట్టి ర్యాంపు ఎక్కించేముందు కారులోని లిఫ్ట్ వ్యవస్థను వాడాలి. జాకీ పెట్టే చోటు యజమాని పుస్తకంలో చూడకుండా పెట్టకూడదు. కార్బన్ సెరామిక్ బ్రేక్ డిస్కులపై చక్రాల క్లీనర్లు, మైనం, కోటింగ్ ద్రవాలు పడనివ్వకూడదు. పలకల అంచులకూ రబ్బరు పట్టీలకూ మాస్కింగ్ టేపు వేయకుండా మెషిన్ ఆన్ చేయకూడదు. కస్టమర్ల వాహనాలకు వర్తించే బీమా లేకుండా ఇటువంటి కారును షెడ్డులోకి రానివ్వవద్దు. ఒక్క పలక ఖరీదు మీ ఏడాది సంపాదనను దాటవచ్చు.

సాధనకు మీరున్న చోటు కంటె మంచిది మరొకటి లేదు. స్క్రాప్ దుకాణాల్లో ఫ్యాక్టరీ పెయింట్ చెడని బానెట్లు నాలుగు కొనండి, ఒకటి నల్లదై ఉండాలి. మధ్యలో టేపు వేసి సగం మాత్రమే పాలిష్ చేయండి. ప్రతి విడతకూ ముందూ వెనుకా గేజ్‌తో కొలిచి, ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్, ఎన్ని వరుసలకు ఎన్ని మైక్రాన్లు పోయాయో నోటుబుక్కులో రాయండి. ఒక బానెట్ అంచును కావాలనే కాలేదాకా నడిపి, కాలబోయేముందు వేడి, వాసన, ప్యాడ్ పట్టు ఎలా మారతాయో గుర్తుపెట్టుకోండి. ఆ నోటుబుక్కు నిండాక ఒక పెద్ద స్టూడియోలో సహాయకుడిగా చేరండి, వయసు గురించి మొహమాటపడవద్దు. మీ చేతికి వచ్చే మొదటి స్పోర్ట్స్ కారుకు ఒకే దశ, సన్నని పాలిష్, మెత్తని ప్యాడ్‌తో చేసే పని మాత్రమే ఒప్పుకోండి.